వాగు దగ్గర మూడు రాత్రులు

ఆ ఏడు పుష్యమాసంలో కాగితపు మిల్లు నుంచి మధుసూదన్‌రావుకు మూడో ఉత్తరం వచ్చింది. మొదటి రెండింటిలో మర్యాద ఉండేది. ఇందులో అదీ లేదు. వెదురు కోసం పంపిన రైలు వ్యాగన్లు మూడుసార్లు సగం ఖాళీగా తిరిగొచ్చాయి, మిల్లు యార్డులో పదిరోజుల సరుకు కూడా లేదు, ఇదే వరస అయితే వచ్చే ఏటి కూపు ఇంకొకరికి పోతుంది అని రాశారు.

మధుసూదన్‌రావుది జగిత్యాల వైపు పాత దొరల కుటుంబం. జాగీర్లు పోయాక, మిగిలిన భూమిలో కొంత అమ్మి అడవి గుత్తలోకి దిగాడు. ఉట్నూరుకు అవతల గుట్టల మీద సర్కారు ఏటేటా గీత గీసి ఇచ్చే కూపులో వెదురు నరికించాలి. ఎడ్లబండ్ల మీద గుట్ట దించాలి. రైలు స్టేషన్ పక్కనున్న తన డిపోకు చేర్చి, అక్కడి నుంచి వ్యాగన్లలో మిల్లుకు పంపాలి. అదీ ఆయన వ్యాపారం. పని జరగకపోతే ఆయనకు తెలిసిన ఉపాయం ఒకటే, గట్టిగా అరవడం. కూపు మేస్త్రీ మీద అరిచాడు. బండ్లు రావడం లేదన్నాడు మేస్త్రీ. బండ్లవాళ్ల మీద అరిచాడు. డిపోలో తొందరగా దించుకోరన్నారు వాళ్లు. డిపోలో అడిగితే వ్యాగన్ వచ్చిననాడు సరుకుండదు, సరుకున్ననాడు వ్యాగన్ ఉండదన్నారు. చివరికి డిపో గుమస్తా లక్ష్మీరాజాన్ని పిలిచాడు.

లక్ష్మీరాజానికి ఇరవై ఎనిమిదేళ్లు. ధర్మపురి దగ్గర పల్లె. ఉర్దూలో మెట్రిక్ చదివి, కరీంనగర్‌లో పత్తి జిన్నింగు మిల్లులో తూకం గుమస్తాగా నాలుగేళ్లు చేసి వచ్చాడు. మాట తక్కువ. ఏ పని ఎక్కడ ఆగుతోందో చూడకుండా ఉండలేని మనిషి. నరసింహస్వామి దర్శనానికి పోయినా, వరుస ఎందుకు కదలడం లేదా అని ముందుదాకా వెళ్లి చూసి మళ్లీ తన చోటికి వచ్చి నిలబడేవాడు.

"లక్ష్మీరాజం, నా వెదురు బొంగు నడిమిట్ల యాడనో పండుకుంటున్నది. యాడ పండుకుంటున్నదో చూసి చెప్పు" అన్నాడు మధుసూదన్‌రావు.

"చెప్తా దొరా. కని నెల దినాలు పడుతది."

"నెలనా?"

"బొంగు ఎంబడి నడవాలె గద దొరా."

అలాగే నడిచాడు. ఒక డబ్బాలో ఎర్ర జాజు కలుపుకొని కూపుకు ఎక్కాడు. ఆనాడు నరికిన ప్రతి మోపు కొసకూ జాజుతో తేదీ రాశాడు. తర్వాత రోజు నరికినవాటికి ఆ రోజు తేదీ. ఇలా వారం రాశాక, మొదటి మోపు బండెక్కిన రోజున దాని వెంట బయలుదేరాడు. బండి ఆగినచోట ఆగాడు, కదిలిన గడియ రాసుకున్నాడు. బండ్లవాళ్లు మొదట అతన్ని దొర పంపిన వేగు అనుకున్నారు. రెండో రోజుకు, బురదలో దిగిన చక్రానికి భుజం ఆనించే సరికి, సరే మనిషే అనుకున్నారు.

నెల తిరిగేసరికి అతనికి లెక్క తేలింది. వెదురు నరికిననాటి నుంచి వ్యాగన్ ఎక్కేదాకా ఇరవై రెండు రోజులు. అందులో బండి మీద కదులుతున్నది నాలుగు రోజులే. మిగతా పద్దెనిమిదీ పడుకోవడమే. కూపులో బండి కోసం ఆరు రోజులు. డిపోలో తొమ్మిది రోజులు. ఎందుకంటే పొడుగూ పొట్టీ కలిపి కుప్ప పోసి, వ్యాగన్ వచ్చాక ఏరడం మొదలుపెట్టేవారు. ఏరడం పూర్తయ్యేలోపు రైలువాళ్లు వ్యాగన్ లాక్కుపోయేవారు. ఇవి రెండూ లక్ష్మీరాజానికి సులువుగానే అర్థమయ్యాయి.

అర్థం కానిది మూడోది. గుట్ట మీది గోండు గూడేల బండ్లు రెండు రోజులు నడిచి ఎర్రవాగు దగ్గరికి దిగుతాయి. అక్కడ ఎడ్లను విప్పేసి మూడు రాత్రులు కదలవు. నాలుగో పొద్దున మళ్లీ కట్టి, గుట్ట దిగే ఘాటు దారి దాటి, కింది ఊళ్ల మీదుగా డిపోకు పోతాయి. వానల్లేవు. వాగులో నీళ్లు మోకాలికి రావు. ఎడ్లు అలిసిపోయింది కూడా లేదు.

గూడేల బండ్లన్నిటికీ పెద్ద మడావి జంగు. అరవై దాటిన మనిషి, అందరూ పట్లా అని పిలిచేవారు. లక్ష్మీరాజం అతని పక్కన కూర్చుని అడిగాడు.

"పట్లా, గీడ మూడు రాత్రులు ఎందుకు ఆగుతరు?"

"ఆగాలె" అన్నాడు జంగు. "పైన గొడ్డు కిందికి దిగేముందు వాగుకాడ మూడు రాత్రులు ఉండాలె. నాలుగో పొద్దు నోరు చూడాలె, కాలు చూడాలె. మా ఆజోబా, మా తాత చెప్పిండు. ఆయనకు వాళ్ల ఆజోబా."

"నోట్ల ఏం చూస్తరు?"

"పుండు. సొంగ. గాలికుంటు వస్తే ఎద్దు సొంగ కారుస్తది గద."

"ఎన్నడన్న కనిపిచ్చిందా?"

జంగు వేళ్లు మడిచి ఆలోచించాడు. "నాకు తెలిసి నలభై ఏండ్లల రెండుసార్లు. ఎనక్కి తోలినం."

లక్ష్మీరాజం దాన్ని నవ్వి కొట్టిపారేయలేదు. ఆ రాత్రి దీపం పెట్టుకొని చాలాసేపు ఆలోచించాడు. నలభై ఏళ్లలో రెండుసార్లు. దానికోసం ప్రతి బండీ, ప్రతి తిరుగులో మూడు రోజులు. అందువల్లనే పది రోజులకు ఒక్క తిరుగు పడుతోంది. పైన బండి దొరక్క వెదురు పడి ఉండడానికీ మూలం అదే. అప్పుడు అతనికి ఒక దారి తోచింది. పైన గొడ్డు కిందికి దిగకూడదు, అంతే కదా? దిగనే వద్దు. గూడేల బండ్లు వాగు దాకా తెచ్చి దించి, అటే తిరిగి పోవాలి. కింది ఊళ్ల బండ్లు వాగు దగ్గర ఎత్తుకొని డిపోకు తేవాలి. పెద్దల మాటా దక్కుతుంది, మూడు రోజులూ మిగులుతాయి. తెల్లారి జంగుకు చెప్పాడు. జంగు వాగు వైపు చూసి, "మా గొడ్డు దిగకుంటే మంచిదే" అన్నాడు.

ఇక కావలసింది కింది ఊళ్ల బండ్లు. ఘాటు కింద అయిదు పల్లెలున్నాయి. వాటిలో పెద్దది రేగులపల్లె. అక్కడ హనుమండ్లు ఒప్పుకుంటే మిగతావాళ్లు వస్తారని విన్నాడు. హనుమండ్లుకు బండి ఉంది కాని ఎడ్లు లేవు. ఎడ్లు అతని అక్క దేవవ్వవి. భర్త పోయాక మూడెకరాల చెల్కను ఆమె ఒక్కతే చేసుకుంటోంది. దున్నకాలు అయిపోయాక తమ్ముడి బండికి ఆమె ఎడ్లు కట్టి కిరాయికి పోవడం వాళ్లిద్దరి ఒప్పందం.

హనుమండ్లు ఒప్పుకున్నాడు. దేవవ్వ ఒప్పుకోలేదు.

"ఎండకాలం ఎడ్లు నీడపట్టున ఉండాలె బిడ్డా. గుట్ట ఎక్కిస్తే మిరుగు కార్తెల దున్నేనాటికి వాటికి సత్తువ ఉంటదా?" అంది.

లక్ష్మీరాజం ఆమె అరుగు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. ఎక్కేటప్పుడు బండి ఖాళీ. దిగేటప్పుడే బరువు. వాగు దగ్గర నీళ్లు, గడ్డి తాను చూసుకుంటాడు. ఒక తిరుగు తర్వాత ఒక పూట విశ్రాంతి. "నేను చూసుకుంటా దేవవ్వా. నీ ఎడ్లకేమన్న అయితే నన్నడుగు."

ఆ మాట మీద ఆమె తల ఊపింది.

మాఘం వెళ్లేలోపు పని మారిపోయింది. డిపోలో వచ్చిన వెదురును వచ్చినట్టే ఏరి, పొడుగును ఒక పక్క, పొట్టిని ఒక పక్క పేర్చారు. కూపుకు ఏ రోజు ఎన్ని బండ్లు వస్తాయో ముందురోజే చీటీ పోయేది. ఫాల్గుణంలో లక్ష్మీరాజం మళ్లీ జాజుతో తేదీలు రాసి చూశాడు. నరికిన వెదురు పన్నెండో రోజున వ్యాగన్ ఎక్కింది. మధుసూదన్‌రావు నమ్మక, తానే డిపోకు వచ్చి మోపుల కొసలు తిప్పి తిప్పి చూశాడు. "బేటా, అరిస్తే కానిది నువ్వు జాజు పూసి చేసినవ్" అన్నాడు. ఉగాదికి లక్ష్మీరాజానికి కొత్త సైకిలు కొనిచ్చాడు.

చైత్రంలో వాగు ఎండింది. పైన ఒక మడుగు, అర మైలు కింద ఇంకో మడుగు మిగిలాయి. గూడేల ఎడ్లు పైదానికి, కింది ఊళ్ల ఎడ్లు కిందిదానికి పోయి తాగి వచ్చేసరికి గంట, గంటన్నర పట్టేది. ఒక్కోసారి బండ్లవాళ్లు అక్కడే చెట్టు కింద కునుకు తీసేవారు. లక్ష్మీరాజం దించే చోటనే చిన్న బావి తవ్వించి, దాని పక్కన ఇటుకా సున్నంతో పొడుగాటి తొట్టి కట్టించాడు. ఒక్కసారే ఇరవై ఎడ్లు మూతి పెట్టి తాగవచ్చు. రోజుకు ఒక్కో బండికి గంట మిగిలింది. తాపీ మేస్త్రీ సున్నం మెత్తుతుంటే లక్ష్మీరాజం తన చేత్తో అంచు నునుపు చేశాడు, ఎడ్ల మెడలకు ఒరుసుకోకుండా. ఆ రోజు అతను చాలా సంతోషంగా ఉన్నాడు.

వైశాఖం నడుమ ఒక పొద్దున జంగు నడిచి వచ్చాడు. బండి లేదు. ఒక్కడే.

"మున్షీ, మా బండ్లు ఇగ రావు."

"ఎందుకు పట్లా?"

"పైన అంగడికి వార్ధా దిక్కుకెల్లి గొడ్ల మంద వచ్చింది. మా గూడెంల నాలుగు ఎడ్లకు సొంగ కారుతున్నది. నాలుక మీద పుండ్లున్నయి. నిన్న పొద్దుగూకంగ సూసి, రాత్రంత నడిచొచ్చిన."

లక్ష్మీరాజం ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. "ఆ ఎడ్లు ఎన్నడు వచ్చినయి గీడికి?"

"అటుమొన్న ఒక జత, దానికి ముందునాడు ఒక జత." జంగు తొట్టి వైపు చూశాడు. అప్పుడే రేగులపల్లె ఎడ్లు అక్కడ వరుసగా మూతులు పెట్టి తాగుతున్నాయి. "ఏడ తాగినయి మావి?"

లక్ష్మీరాజం ఆ తొట్టినే వేలితో చూపించాడు.

ఆ క్షణమే తొట్టి దగ్గరికి పోయి, అందరినీ పిలిచి చెప్పి ఉండాల్సింది. తర్వాత ఎన్నో ఏళ్లు అతను ఆ గడియకే మళ్లీ మళ్లీ తిరిగి వచ్చేవాడు. కాని అతను సైకిలెక్కి డిపోకు పోయాడు, దొరను అడగడానికి.

మధుసూదన్‌రావు నిదానంగానే విన్నాడు.

"గాలికుంటుకు ఎద్దు చస్తదా?"

"చావదు దొరా. కని కాలు పడిపోతది."

"పది దినాలు సొంగ కారుస్తది, లేస్తది. మా ఇంట్ల ఎన్నిసార్లు చూడలే? వాగుకాడ ఎంత బొంగున్నది?"

"పదిహేను దినాలకు సరిపడ ఉన్నది."

"ఆనలకు ఇరవై దినాలున్నయి. గా బొంగు దిగాలె. పైనోల్లు రాకుంటె రాకపాయె. కింది బండ్లు నడువని. నువ్వు ఒక్క ముచ్చట గూడ అనకు. అన్నవంటె రేపు ఒక్క బండి కట్టరు. కూపు పోతది, నీ కొలువూ పోతది, డిపోల ముప్పై మంది కొలువులూ పోతయి. సోంచాయించుకో."

లక్ష్మీరాజం తిరిగి వచ్చాడు. తొట్టి ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, కొత్త నీళ్లు నింపించాడు. వచ్చిన ప్రతి ఎద్దు మూతినీ దొంగచూపు చూశాడు. ఏ ఎద్దూ సొంగ కార్చడం లేదు. ఏమీ కాదేమో అనుకున్నాడు. గూడేల ఎడ్లు తాగిన రోజున ఇవి తాగాయో లేదో అనుకున్నాడు. హనుమండ్లు "ఏం సారూ, పానం మంచిగ లేదా, మొకం గట్లున్నది?" అని అడిగితే, ఎండ అన్నాడు. ఇలా మూడు రోజులు గడిచాయి. ఆ మూడు రోజుల్లో నలభై జతలు ఆ తొట్టిలో తాగాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం దేవవ్వ ఎలపటెద్దు నీళ్లకు మూతి పెట్టి, తాగకుండా తీసేసింది. మూతి నుంచి సన్నటి సొంగ తీగలా తొట్టిలోకి దిగింది. ముందరి కాలు ఎత్తి ఎత్తి పెడుతోంది. హనుమండ్లు దాని దవడ విప్పి చూసి, నెమ్మదిగా వదిలేశాడు. చుట్టూ బండ్లవాళ్లు మూగారు. గూడేల బండ్లు నాలుగు రోజులుగా ఎందుకు రావడం లేదో ఒక్కసారిగా అందరికీ తోచింది.

"పైన ఉన్నదా గాలికుంటు?" అని అడిగాడు హనుమండ్లు.

"ఉన్నది."

"నీకు ఎన్నడు తెలిసింది?"

లక్ష్మీరాజం అబద్ధం ఆడలేకపోయాడు. "నాలుగు దినాలైంది అన్నా."

హనుమండ్లు తువ్వాలతో ఎద్దు మూతి తుడిచి, ఆ తువ్వాలను దూరంగా విసిరేశాడు.

మిగతావాళ్లు బండ్లలోని వెదురు అక్కడే పడేసి ఎడ్లను కట్టడం మొదలుపెట్టారు. అప్పుడు లక్ష్మీరాజానికి తెలివి వచ్చినట్టయింది. దారికి అడ్డం పోయి నిలబడ్డాడు.

"ఊళ్లకు తోలొద్దు. మీ దండం పెడుతా. మూడు రాత్రులు గీడనే ఉంచుండ్రి. గడ్డి నేను తెప్పిస్తా. సొంగ లేని ఎద్దుకు గూడ రోగం లోపల ఉండొచ్చు. ఊళ్లకు పోతే ఊరంత అంటుకుంటది."

"గిప్పుడా ఆగుమంటవ్?" అన్నాడు భూమన్న అనే బండివాడు. ఆ వరుసలో అందరికంటే వయసులో చిన్నవాడు. "మూడు రాత్రులు దండుగని నువ్వే గద చెప్పినవ్. తొలుగు సారూ."

తొలిగాడు. ఇరవై ఆరు బండ్లు కింది ఊళ్లకు దిగిపోయాయి. హనుమండ్లు ఒక్కడు ఆగాడు. ఆగింది లక్ష్మీరాజం మాట మీద కాదు, ఎద్దు నడవలేకపోయినందుకు.

మరునాడు దేవవ్వ వచ్చింది. జొన్నగంజి కుండ నెత్తిన పెట్టుకొని తొమ్మిది మైళ్లు ఎండలో నడిచి వచ్చింది. నోరు పుండైన ఎద్దు గడ్డి నమలలేదని ఆమెకు తెలుసు. పటిక నీళ్లతో ఎద్దు నోరు కడిగి, వెదురు గొట్టంతో గంజి పోసింది. వేపనూనె వేడి చేసి గిట్టల సందున పూసింది. అప్పటికి దాపటెద్దు కూడా కుంటుతోంది. లక్ష్మీరాజం పక్కనే ఉండి నీళ్లు తోడి ఇచ్చాడు, కాలు పట్టాడు. ఆమె వద్దనలేదు. పని అంతా అయ్యాక, చేతులు కడుక్కుంటూ అంది.

"నువ్వు మంచి లెక్క చేసినవంట బిడ్డా. దొర సైకిలిచ్చిండంట."

అతను చేదలో మిగిలిన నీళ్లు ఆమె చేతుల మీద పోశాడు.

"నీ కాయితం మీద నా ఎద్దు టేషన్ దాకనే ఉన్నది. గాడ బొంగు దించినంక అది యాడికి పోతదో నువ్వు రాసుకోలే. మిరుగు నాడు అది నా చెల్కల ఉండాలె. నేను నీకు ముందుగాలనే చెప్పిన."

చెప్పింది. ఆ మాట అతనికి గుర్తుంది. ఆనాడు దాన్ని ఎద్దుల సత్తువ గురించి అడిగిన ప్రశ్న అనుకొని, దానికి జవాబిచ్చి, ఆమెను గెలిచాననుకున్నాడు.

పశువుల డాక్టరు కబురందిన రెండో రోజే జీపులో వచ్చాడు. తొట్టిని, దాని చుట్టూ ఎండిన సొంగ మరకల్ని చూశాడు. "గీ రోగానికి నోటి సొంగే బండి. దానికి నువ్వు సడక్ ఏసి పెట్టినవ్" అన్నాడు, కోపం లేకుండానే. రంగు మందు ఇచ్చాడు, జబ్బు గొడ్లను విడిగా కట్టమన్నాడు. కాని అప్పటికే అయిదు ఊళ్లకూ దిగింది. లక్ష్మీరాజం గడ్డపార తీసుకొని ఒక్కడే తొట్టి పగలగొట్టాడు. దానివల్ల ఇక లాభం లేదని తెలుసు. అయినా పగలగొట్టాడు.

మృగశిర ఆ ఏడు చెప్పినట్టే వచ్చింది, మంచి వానతో. రెండొందలకు పైగా జతలు కొట్టాల ముందు కాళ్లు ఎత్తి ఎత్తి పెడుతూ నిలబడి ఉన్నాయి. పెద్ద ఎద్దులు చావలేదు, దొర చెప్పింది నిజమే. పాలు తాగే దూడలు చచ్చిపోయాయి. అదును మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. గాలికుంటు రాని ఊళ్లవాళ్లు తమ ఎడ్లను అరువివ్వడానికి భయపడ్డారు, అదీ న్యాయమే. రేగులపల్లెలో మనుషులు పారలతో తవ్వి విత్తనాలు వేశారు. లక్ష్మీరాజం డిపో పని మాని ఊరి బయట సత్రంలో ఉండి, పొద్దున ఇంటింటికీ పోయి గిట్టలు కడిగేవాడు, మధ్యాహ్నం నుంచి దేవవ్వ చెల్కలో పార పట్టేవాడు. కొందరు అతన్ని కొట్టంలోకి రానిచ్చేవారు, కొందరు వాకిట్లోంచే పొమ్మనేవారు. గుమస్తా చేతులు. అయిదో రోజుకు పుండ్లు పడ్డాయి. మూడెకరాల్లో ముప్పావు ఎకరంలో జొన్న పడింది. మిగతాది బీడు.

ఆషాఢంలో ఎలపటెద్దు ఎడమ గిట్ట ఊడిపోయింది. అది బతికింది కాని, బండికీ నాగలికీ ఇక పనికిరాదని తేలింది.

కార్తీకంలో మధుసూదన్‌రావు మళ్లీ కబురు పెట్టాడు. లక్ష్మీరాజం అప్పటికి తన ఊళ్లోనే ఉంటున్నాడు. చివరిసారిగా ఒక మాట చెప్పి రావాలనుకొని బయలుదేరాడు. దొరకు కూపు మళ్లీ దక్కింది. పన్నెండు రోజుల సంగతి మిల్లువాళ్లకు అంతగా నచ్చింది.

"రా, కూసో. గీ ఏడు ఇంకా రెండు కూపులిచ్చిండ్రు. పనంత నువ్వే చూడాలె."

లక్ష్మీరాజం నిలబడే చెప్పాడు. వస్తే ఒక షరతు మీద వస్తాడు. పై ఎడ్లు వాగు దగ్గర మూడు రాత్రులు ఆగాలి. నీళ్లు వేర్వేరుగా ఉండాలి. ఎక్కడ జబ్బు కనిపించినా ఆ పూటే అందరికీ చాటింపు వెయ్యాలి. వైశాఖం రాకముందే కింది ఊళ్ల ఎడ్లను ఇళ్లకు పంపాలి. దానివల్ల వెదురు వ్యాగన్ ఎక్కడానికి పదిహేను రోజులు పట్టినా సరే.

మధుసూదన్‌రావు కోప్పడలేదు. నవ్వాడు.

"అవన్ని ఎందుకు లక్ష్మీరాజం? ఘాటు మీద సర్కారు సడక్ అయిపోయింది. నాలుగు లారీలు మాట్లాడిన. వచ్చే నెల నుంచి కూపుల ఎత్తితే మూడో గంటకు డిపోల దించుతయి. లారీకి గాలికుంటు రాదు గద."

అది నిజం. లారీకి సొంగ కారదు, మృగశిరనాడు లారీ కోసం ఎవరి చెల్కా ఎదురుచూడదు. ఏ తప్పును దిద్దాలని వచ్చాడో, ఆ తప్పు జరిగే చోటే లేకుండా పోయింది. దానితోపాటు గుట్ట మీదా కిందా ఉన్న బండ్లన్నిటి పనీ పోయింది.

"బండ్లోల్లకు చెప్పిండ్రా దొరా?"

"చెప్పేదేమున్నది? పిలవకుంటె వాళ్లకే తెలుస్తది."

కొలువు వద్దని చెప్పి బయటికి వచ్చాడు. స్టేషన్ దారిలో హనుమండ్లు ఎదురయ్యాడు. వైశాఖం నుంచి ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ. భుజాన కొత్తగా పేనిన పలుపు ఉంది.

"అంగడికి పోతున్న" అన్నాడు హనుమండ్లు, అడగకుండానే. "అక్కది ఒక్కటే మిగిలింది గద. దానికి జోడు కొనాలె. గుట్ట ఎక్కే గట్టి ఎద్దును చూస్తున్న. బొంగు పని ఎన్నడు షురూ అయితది? దొర ఏమన్నడు?"

లక్ష్మీరాజం ఒక్క అడుగు కూడా వెయ్యకుండా అక్కడే చెప్పేశాడు.

"బండ్లకు పని లేదన్నా. లారీలు వస్తున్నయి. ఇప్పుడే విన్న."

హనుమండ్లు భుజాన ఉన్న పలుపు తీసి చేతికి చుట్టుకున్నాడు, మళ్లీ విప్పాడు. "మొత్తానికే లేదా?"

"మొత్తానికే."

"గట్లయితే గట్టిది ఎందుకు? నాగలికి సరిపోయే ముసల్దైన నడుస్తది" అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. అంతలోనే తల ఎత్తాడు. "మా ఊరోల్లు మస్తుమంది గాడనే ఉన్నరు. బొంగు పని ఉన్నదని అప్పు తెచ్చుకొని జతలు కొంటున్నరు. భూమన్న పొద్దుగాలనే పోయిండు. కొండల్ గూడ."

"నడువు."

అంగడి మూడు మైళ్లు. ఇద్దరూ ఇంచుమించు పరుగులాగే నడిచారు. అంగడి సగం విడిపోతున్న వేళకు చేరారు. రేగులపల్లెవాళ్లు అయిదుగురు కనిపించారు. లక్ష్మీరాజం ఒక్కొక్కరి దగ్గరికి పోయి అదే మాట చెప్పాడు. అతని మాట నమ్మాలో వద్దో తెలియక వాళ్లు హనుమండ్లు వైపు చూశారు. హనుమండ్లు నిజమే అన్నట్టు తల ఊపాడు. అయిదుగురూ బేరాలు వదులుకున్నారు. మాట ఇచ్చి తప్పుతారా అని అమ్మేవాళ్లు తిట్టారు, తిట్లు పడ్డారు.

కొండల్ అప్పటికే జతను తోలుకొని వెళ్లిపోయాడు. భూమన్న చింతచెట్టు కింద ఉన్నాడు. తెల్లటి కోడెల జత, ఎత్తైన మూపురాలు, గుట్టను ఒక్క ఊపులో ఎక్కేలా ఉన్నాయి. బేరం ముగించి, పాత పలుపులు విప్పి కొత్తవి కట్టేశాడు. కొమ్ములకు పసుపు కూడా రాశాడు.

లక్ష్మీరాజాన్ని చూసి అతను ముఖం గంటు పెట్టుకున్నాడు. కాని కోడెల ముచ్చట ఆపుకోలేకపోయాడు.

"ఎట్లున్నయి సారూ?" అన్నాడు.

"మంచిగున్నయి భూమన్నా" అని, లక్ష్మీరాజం అతని పక్కన నేల మీద కూర్చుని, చెప్పవలసింది చెప్పడం మొదలుపెట్టాడు.